ఓడేటోళ్ల పార్టీ

గౌస్ పాషా సారుకు ఒక్కటే జబ్బు. ఏ ఇద్దరు పోటీ పడ్డా సరే, ఓడేటోళ్ల దిక్కు దూకుతడు. వాళ్లు జర తేరుకొని గెలుసుడు మొదలుపెడితే, మల్ల ఇటు దూకుతడు. "ఆట బరాబర్ లేదు" అనుడు, దూకుడు. పుట్టినకాన్నుంచి ఈ మనిషి చేసిన పనులు ఈ రెండేనని ఆయన భార్య మెహనాజ్ అంటది. పెండ్లి సుత మధ్యలవడి ఎవలో చేస్తే అయ్యిందట.

కాలేజీల ఆయనకు 'గోడ మీద పిల్లి' అని పేరు. ఆ మాట చెవులవడితే సారుకు కోపం రాదు, సవరణ చేస్తడు. "పిల్లి గెలిచే దిక్కు దూకుతది. నేను ఓడే దిక్కు దూకుత. పిల్లికి తెలివుంది, నాకు లేదు. అనేటోళ్లు గా తేడా చూసి అనాలె గదా!" అని బాధపడుతడు.

ఇంతకు ఆయన ఎవరయ్యా అంటే, హన్మకొండ దిక్కు ఒక ఇంజనీరింగ్ కాలేజీల కంప్యూటర్ల ప్రొఫెసరు. రీసెర్చి వీడియో గేముల మీద. ఫోన్ల ఆట ఆడుతాంటే మనకు ఎదురుగ ఒక మిషన్ ఆడుతది చూడు, దానికి బుద్ధి నేర్పుడు ఈయన పని. దేశంల ఉన్న మిగతా ప్రొఫెసర్లు ఆ మిషన్ మనిషిని ఎట్ల ఓడగొట్టాలె అని తలకాయ పట్టుకుంటాంటే, ఈయన మాత్రం మిషన్ మనిషి చేతుల ఎట్ల ఓడాలె అని తలకాయ పట్టుకుంటడు. జబ్బుకు తగ్గ ఉద్యోగం దొరికిన అదృష్టవంతులు వరంగల్ల ఎందరున్నరో గని, ఈయన అండ్ల ఒకడు.

ఒకసారి కాలేజీల సార్లకు, పోరగాండ్లకు క్రికెట్ పెట్టి ఈయనను అంపైర్‌గ నిలవెట్టిండ్రు. తెలిసి తెలిసి పెట్టినోళ్లదే తప్పు. సార్లు ఓడుతాంటే పోరగాండ్ల బాలన్నీ నోబాల్స్ అయినయి. సార్లు తేరుకొని, పోరగాండ్లు బ్యాటు పట్టంగనే, నడుమ స్టంపు ఎగిరిపోయినా "గాలికి పడ్డది" అనుకుంట ఇంకో దిక్కు తిరిగిండు. పొద్దుగూకినా ఆట తెగలే. ఆఖరుకు రెండు జట్లు ఒక్కటై ఈయన వెంట పడ్డరు.

ఇంట్ల సుత గిదే కత. సారు తల్లి ఇమాంబీకి, మెహనాజ్‌కు ఒకనాడు పప్పుల చింతపండు ఎక్కువైందని లొల్లి. మొదలు సారు భార్య దిక్కు నిలవడ్డడు. మెహనాజ్‌కు బలమొచ్చి నాలుగు మాటలు గట్టిగ అనంగనే, "అమ్మీ చెప్పేది సుత వినాలె గద" అని తల్లి దిక్కు దూకిండు. తల్లి రెచ్చిపోతే మల్ల ఇటు. జర సేపటికి అత్తాకోడండ్లకు చింతపండు యాదికి లేదు. ఇద్దరు కలిసి ఈయనను వాకిట్లకు ఎల్లగొట్టి తలుపేసుకున్నరు. అప్పటిసంది ఆ ఇంట్ల అత్తాకోడండ్ల నడుమ పంచాదే లేదు, ఉన్న పంచాదంత ఈయనతోనే.

గసొంటి సారు దగ్గర పీహెచ్‌డీ చెయ్యాలని తిరుమల నొసట రాసిపెట్టి ఉంది. తిరుమలది నెక్కొండ. తండ్రి గట్టయ్య పత్తి రైతు. ఇంటర్వ్యూల తిరుమల బెదిరి మాట తడబడితే బోర్డు సార్లంత "ఈ పిల్ల వద్దు" అన్నరు. గౌస్ పాషా సారు ఒక్కడే లేచి, బల్ల గుద్ది, "మట్టిల మాణిక్యం" అని గంట సేపు వాదించిండు. సరే తీస్కుందామని అందరు ఒప్పుకోంగనే, "అవును గని, ఈ పిల్లకు ప్రోగ్రామింగ్ సక్కగ వస్తదా?" అని ఆయనే అడిగిండు. తిరుమలకు ఆ క్షణంలనే వెనుకకు వెనుకకు నడిసి నెక్కొండ రైలెక్కుదామనిపించింది.

ఆరేండ్లు గట్లనే గడిచినయి. తిరుమల ఏడిస్తే "నువ్వు చేసిందే కరెక్టు బిడ్డ" అంటడు. ఆమె ధైర్యంగ నిలవడితే "ఇండ్ల ఏముంది, చిన్నపిల్లలు సుత చేస్తరు" అంటడు. "అమ్మా, మా సారు నన్ను మెచ్చుకుంటాండంటే నా పని కరాబైనట్టు" అని ఆమె ఇంటికి ఫోన్ చేసి చెప్పేది.

ఇగ ఆమె థీసిస్ ముచ్చట. మన దిక్కు పోరగాండ్లు దాగుడుమూతలు ఆడుతాంటే ఒక బుడ్డోడు "నేను సుత వస్త" అని ఏడుస్తడు. వద్దంటే పోయి అమ్మకు చెప్తడు, రానిస్తే ఆట కరాబైతది. అందుకే వాన్ని 'ఆటలో అరటిపండు' చేస్తరు. వాడు ఉరుకుతడు, ఒర్రుతడు, దాక్కుంటడు. వాన్ని పట్టుకున్నా లెక్కల లేదు, వాడు ఎన్నడు దొంగ కాడు. ఒక్కటే షరతు. తాను అరటిపండునన్న సంగతి వానికి తెల్వొద్దు.

"నేను మా మట్టెవాడ గల్లీల ఒక్కసారి సుత దొంగను కాలే బిడ్డ," అని సారు తిరుమలకు మొదటిరోజే చెప్పిండు. "నాయంత ఆటగాడు దునియాల లేడనుకున్న. ఒకనాడు మా జావీద్ భాయ్ 'ఏ, వాన్ని ఇడువుర్రి, వాడు అరటిపండు' అన్నడు. గా మాట ఇని రెండు రోజులు అన్నం తినలే."

"అయ్యో సార్."

"అయ్యో కాదు, గదే మన టాపిక్. ఆడేటోనికి తెల్వకుంట వాన్ని అరటిపండు చేసుడెట్ల? మిషన్‌కు గది నేర్పాలె. నేర్పుతవా?"

నేర్పుత అన్నది తిరుమల. ఏ ఆటతోని నేర్పాలె అంటే, పచ్చీసు ఎంచుకున్నరు. గవ్వలు వేసి, కాయలు నడిపి, నడుమిట్లకు చేరితే కాయ పండినట్టు. అటు అరటిపండు, ఇటు కాయలు పండుడు, రెండు కలిసి ఇంగ్లీషులకు పోయేసరికి కొంప మునిగింది. 'అరటిపండును తెల్వకుంట తొందరగ పండించే కొత్త పద్ధతి' అన్నట్టు తయారైన ఆ పేపరును ఒక పెద్ద సదస్సోళ్లు సంతోషంగ ఒప్పుకున్నరు. పోయి చూస్తే అది పండ్లు మాగబెట్టే శాస్త్రవేత్తల సభ.

"సార్, మనం తప్పు గదిలకు వచ్చినం," అని తిరుమల చెవుల చెప్పింది.

"గది సరైందే, పేపరే తప్పు. పాపం, ఎంత ఆశతోని కూసున్నరో చూడు," అని సారు స్టేజీ ఎక్కిండు.

"మీ పద్ధతిల గ్యాస్ వాడుతరా?" అని ముందు వరుసల ఒకాయన అడిగిండు. ఆయన మొఖంల అయోమయం చూసి సారుకు జాలి ఉప్పొంగింది. "లేదు సార్, గ్యాస్ సంగతి మేము అస్సలు రాయలే. తప్పు మాదే. మీరు అడిగింది న్యాయం," అన్నడు. గట్ల అడిగినోళ్లందరి దిక్కు నిలవడి తన పేపరును తానే చీల్చి చెండాడిండు. ఇంత వినయం గల శాస్త్రవేత్తను చూడలేదని వాళ్లు శాలువా కప్పి, ఒక అరటిగెల చేతుల పెట్టి పంపిండ్రు. రైల్ల వరంగల్ దాంక తిరుమల ఆ గెలను ఒళ్లె పెట్టుకొని కూసున్నది.

పేపరు సంగతి గట్లుంటే, మిషన్ సంగతి ఇంకోతీరు. దాన్ని పరీక్ష చేసేది ఇమాంబీ. పచ్చీసుల ఆమెకు పేరున్నది, తొండి చేసుడుల అంతకంటే పెద్ద పేరున్నది. గవ్వలు ఆమె చేతితోనే వేస్తది, ఎంత పడ్డదో నోటితోని మిషన్ ఆడే ట్యాబుకు చెప్తది. ప్రతిసారి ఇరవై అయిదు గళ్లు నడిచే పెద్ద పందెం "పచ్చీసు" అనే చెప్పింది. మిషన్ పాపం నమ్మి, ఓడి, కిమ్మనకుంట ఊకున్నది. రెండు ఆటలైనంక ముసలామె ట్యాబును అవుతలకు నూకింది.

"ఏందమ్మీ, గెలిచినవ్ గదా?" అన్నడు సారు.

"గిదేం ఆటరా? తొండి చేసినా గెలుస్త, చెయ్యకున్నా గెలుస్త. ఇగ తొండి చేసుడు దేనికి? నీ మిషన్ నాకు భిక్షం ఏస్తాందా?"

తిరుమల ఆ రోజంత పరేశానైంది. ఆఖరుకు మిషన్‌కు ఓడుడు కంటే ముందు కొట్లాడుడు నేర్పాలని తేల్చింది. మల్ల పోయినప్పుడు ఇమాంబీ "పచ్చీసు" అనంగనే ట్యాబు "తొండి! తొండి! మల్ల వెయ్!" అని ఒర్రింది. ముసలామె మొఖం ఎలిగిపోయింది. "ఎవలే తొండి? నీ అయ్య తొండి!" అని కొంగు నడుముకు చెక్కింది. అన్నం సుత మరిచి కొట్లాడి గెలిచి, మిషన్ మెడలు వంచిన అని గల్లీ అంత తిరిగి చెప్పుకున్నది. ఎదుటోడు గట్టిగ కొట్లాడి ఓడితేనే అది గెలుపు, ఊకనే ఇడిసిపెడితే అది భిక్షం. తిరుమల థీసిస్ల నాలుగో చాప్టరు మొత్తం గిదే.

థీసిస్ తయారైంది. ఆఖరు పరీక్ష మిగిలింది. దానికి హైదరాబాద్ నుంచి ప్రొఫెసర్ వీరభద్రం గారు వస్తాండని తెలిసి తిరుమలకు చెమటలు పట్టినయి. ఆయన తయారుచేసిన ఆట మిషన్ ఎవ్వలి చేతుల ఓడలే. ఆయన సుత ఓడలే. ఎంత మంచి థీసిస్ అయినా "మళ్లీ చేసుకు రామ్మా" అనుడు ఆయన అలవాటు. తిరుమల రిజిస్ట్రేషన్ గడువు ఆ నెలతోనే ఖతం. మల్ల చేసుకరమ్మన్నడంటే ఆరేండ్ల కష్టం గంగల కలిసినట్టే, ఇంకో అవకాశం లేదు.

ఆ రోజు హాలు నిండింది. ముందు వరుసల హెచ్‌ఓడీ సదానందం సారు. ఎనుక మూలకు, ఇస్త్రీ అంగీ తొడుక్కొని గట్టయ్య. ఒక పక్కకు గౌస్ పాషా సారు, కండ్లు సగం మూసుకొని.

వీరభద్రం గారు థీసిస్‌ను రెండు వేళ్లతోని పట్టుకున్నడు. "ఓడిపోవడానికి తెలివెందుకమ్మా? మా మేనల్లుడు రోజూ ఓడిపోతాడు. వాడికి డాక్టరేట్ ఇచ్చేద్దామా?"

హాలంత నవ్వింది. తిరుమలకు ఏడనుంచి వచ్చిందో ధైర్యం. "మీ మేనల్లుడు ఓడిపోయి, గెలిచినోళ్లను మల్ల ఆటకు రప్పిస్తే తప్పకుండ ఇయ్యాలె సార్."

హాలు ఇంకా గట్టిగ నవ్వింది. వీరభద్రం గారి చెవులు ఎర్రవడ్డయి. "మా మిషన్ ప్రపంచంలో ఎవరి చేతిలోనూ ఓడలేదు, తెలుసా?"

"తెలుసు సార్. దానితోని రెండోసారి ఎవరన్న ఆడిండ్రా సార్?"

ఇగ ఎవ్వరు నవ్వలే. వీరభద్రం గారు పెన్నుకు క్యాపు పెట్టి జేబుల వేసుకున్నడు. సదానందం సారు తల పట్టుకున్నడు. నోరు జారినందుకు తిరుమల నాలిక కొరుక్కున్నది. సరిగ్గ గప్పుడే పక్క నుంచి కుర్చీ కిర్రుమన్నది. ఆ సప్పుడుకు అర్థమేందో ఆరేండ్ల సంది ఆమెకు ఎరుకే.

"ఆట బరాబర్ లేదు," అని గౌస్ పాషా సారు లేచిండు. "వీరభద్రం సారు అడిగింది నూటికి నూరు పాళ్లు సబబు. అసలు ఈ థీసిస్ల ఏమున్నది సార్? ముఖ్యంగ ఆ నాలుగో చాప్టరు. ఉత్త కొట్లాటల పురాణం!"

వీరభద్రం గారు చల్లవడ్డడు. "నేనూ అదే అంటున్నా. అయితే... నాలుగో చాప్టర్ వరకు పర్వాలేదులెండి."

"ఏం పర్వాలేదు సార్? మా అమ్మీ గవ్వలాడితే అది రీసెర్చా? చింపి పారెయ్యాలె!"

"చింపడం ఎందుకండీ? పాపం, అంత కష్టపడి చేసింది."

"కష్టపడితే అయితదా? మిషన్ తిట్టుడేంది, ముసలామె గెలుసుడేంది? నవ్వుతరు సార్ లోకంల!"

"నవ్వడానికేముంది ఇందులో? మిషన్ పోట్లాడితేనే ఆటగాడికి గెలిచిన తృప్తి అని ఆమె రుజువు చేసింది. మీరు చదివారా అసలు?"

"చదివిన. ఒక్క ముక్క అర్థం కాలే. అర్థం కానిది తప్పే గద సార్?"

ఇగ వీరభద్రం గారు ఆగలే. కోటు ఇడిసి కుర్చీకి తగిలిచ్చి, బోర్డు కాడికి పోయి, నాలుగో చాప్టరు మొత్తం మొదటికెల్లి రాసి గౌస్ పాషా సారుకు చెప్పుడు మొదలుపెట్టిండు. సారు ప్రతి లైనుకు అడ్డం పడ్డడు. తిరుమల బోర్డు పక్కన బొమ్మ తీరు నిలవడ్డది. కోపానికి కండ్లల్ల నీళ్లు తిరుగుతానయి.

"ఎంత చెప్పినా, మిషన్ అన్నంక గెలువాలె గద సార్?" అన్నడు గౌస్ పాషా సారు ఆఖరికి.

"గెలవడమే గొప్పయితే కాలిక్యులేటర్‌కి సన్మానం చేయండి!" అని వీరభద్రం గారు బల్ల గుద్దిండు. "కూర్చోండి మీరు! ఈమెకు మీరు గైడా? మీ దగ్గర ఉండి కూడా ఇంత పని చేసిందంటే, అందుకైనా డాక్టరేట్ ఇవ్వాలి." పెన్ను మల్ల బయటికి తీసిండు. ఒక్క మార్పు లేకుంట సంతకం పెట్టిండు. పోతపోత సదానందం సారుతోని, "ఆయన్ని ఏదైనా శిక్షణకు పంపండి. గైడ్ అంటే ఏమిటో తెలియదు పాపం," అని గట్టిగనే చెప్పిండు. సదానందం సారు నిలవడ్డకాడనే మూడు వారాల ట్రైనింగుకు ఆర్డరు వేసిండు.

బయటికి రాంగనే గట్టయ్య బిడ్డ చెయ్యి పట్టుకున్నడు. "బిడ్డా, హైదరాబాద్ సారు దేవుడు. మరి ఈయనేంది? నీ సారా, నీ పగోడా?"



మర్నాడు మెహనాజ్ దావత్‌కు పిలిచింది. సారును నాలుగు కడిగి రావాలెననే తిరుమల పోయింది. సారు ఇంట్ల లేడు, పెరుగు తేను పోయిండు. వంటింట్ల బగారన్నం ఘుమఘుమ వస్తాంది. గ్యాస్ పొయ్యి కాడ మెహనాజ్ ఆమెను చూసి నవ్వింది.

"డాక్టరమ్మా, నీ నాలుగో చాప్టరు నాకు నోటికొచ్చు తెలుసా? ఏదన్న అడుగు."

"మీకెట్లొచ్చు మేడం?"

"రాకేం చేస్తది? పరీక్షకు వారం ముందు సంది నన్ను వీరభద్రం సారును చేసి కుర్చీల కూసోవెట్టుడు, నీ చాప్టరును తిట్టుడు. నేను అవునవును అంటే, 'నా తిట్టుడు ఇంక చాలలే' అని మల్ల మొదలు. మూడోనాడు నాకే మండింది. 'ఆడపిల్ల గంత కష్టపడి రాస్తే నీకేం రోగమయ్యా' అని గరిట లేపిన. ఎగిరి గంతేసిండు! 'గిక్కడ్నే! గీ మాట కాన్నే వీరభద్రం సారు సుత లేస్తడు' అన్నడు. ఎప్పుడు గెలిచేటోడు ఓడిపోతే సంతకం పెట్టడట. ఆయనను గెలిపియ్యాలె, నిన్ను గెలిపియ్యాలె. ఇగ ఓడేటందుకు ఈయన తప్ప ఎవలున్నరు?"

తిరుమల కత్తిపీట పక్కన అట్లనే కూలవడ్డది. ఆరేండ్లు కూసొని ఆ చాప్టరు రాసింది తాను. కండ్ల ముందట జరుగుతాంటే పోల్చుకోలేకపోయింది. హాలంత చూస్తుండంగ సారు మూర్ఖుడనిపించుకున్నడు, ట్రైనింగుకు పోతాండు, ఒక్క మాట చెప్పలే.

"అయితే నేను గెలిచింది ఉత్తదేనా మేడం?"

"ఉత్తదెట్లయితది? బోర్డు మీద వీరభద్రం సారు రాసింది ఎవని ముచ్చట? ఆయన ముచ్చటనా, నీదా? మా ఆయన తలుపు తీసిండు, లోపటికి పోయింది నువ్వే." మెహనాజ్ దాల్చా రుచి చూసి ఉప్పు వేసింది. "గని నీకు ఎరుకైనట్టు ఆయనకు తెల్వొద్దు. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు. ఎరుకైతే నీకు సంబురం ఉండదని ఆయన ఫికర్."

వాకిట్ల చెప్పుల సప్పుడైంది. పెరుగు డబ్బ పట్టుకొని గౌస్ పాషా సారు లోపటికొచ్చిండు. తిరుమల ఎర్రటి కండ్లు చూసి గుమ్మంలనే ఆగిండు.

"ఏం బిడ్డ, కోపమా?"

కాళ్లకు దండం పెడుదామని లేచింది తిరుమల. ఆయన మొఖం చూసింది. పరీక్ష రాసి ఫలితం కోసం నిలవడ్డ పోరని తీరున్నది ఆ మొఖం. ఆమె కొంగు దులిపి నడుముకు చెక్కింది.

"కోపమా? నిలువునా ముంచిండ్రు గద సార్! నా చాప్టరు చింపి పారెయ్యాల్నా?"

సారు మొఖం ఎలిగింది. "మరి ఏం చెయ్యాలె? పెద్దమనిషి ఓడిపోతాంటే చూసుకుంట కూసోవాల్నా?"

"కూసోవాలె! మీరు నా గైడు!"

"గైడైతే న్యాయం ఉండొద్దా?"

"ఆ దేవుడు లాంటి వీరభద్రం సారు లేకపోతే నా గతేంది?"

"గదే గద నేను సుత అంటాన్న! మస్తు మంచి మనిషి!" అని సారు సంతోషంగ చాప మీద కూసున్నడు. మెహనాజ్ గోడ దిక్కు తిరిగి భుజాలు ఎగిరేటట్టు నవ్వుతాంది. తిరుమల ఆమె దిక్కు చూడలే, చూస్తే పని కరాబైతది. ఇంకో నాలుగు మాటలు గట్టిగనే అన్నది, కండ్లు తుడుసుకున్నది, సారుకు ఎదురుగ కూసున్నది.

"ఇగ సచ్చినా మీతోని మాట్లాడ సార్," అని పళ్లెం ముందటికి జరిపింది. "జర దాల్చా వెయ్యిండ్రి."